గండోదరుడి అమ్మకు గంజి పోసిన చెంగల్వ

కుందవరం రాజ్యంలో వానలు వేళకు కురిసేవి, పంటలు బాగా పండేవి, చుట్టుపక్కల శత్రురాజులు కూడా మర్యాదస్తులే. అయినా ఆ రాజ్యానికి ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. అక్కడ మనుషులు రాళ్ళైపోతున్నారు. అందరూ కాదు. ఎక్కువగా ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకు సేవ చేసేవాళ్ళే. ముందు కాలివేళ్ళు నల్లగా బిగుసుకునేవి, తర్వాత పాదాలు, తర్వాత మోకాళ్ళు. మెడ దాకా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. రాణి రత్నప్రభాదేవి పక్షవాతంతో పడిపోయిన అత్తగారికి సేవ చేస్తూ చేస్తూ నడుము దాకా రాయైపోయింది.

ఆ ఊరి మర్యాద ఒకటి మీకు చెప్పాలి పిల్లలూ. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారు. వేపమండ ఉన్న గడప ఎవరూ దాటకూడదు. ఇరుగుపొరుగు వీధిలోనే నిలబడి "బాగేనా?" అని అడగాలి. లోపలివాళ్ళు "బాగే" అనాలి. అడిగినవాళ్ళు హమ్మయ్య అనుకుని వెళ్ళిపోవాలి. "బాగోలేదు" అన్నవాళ్ళు ఆ ఊరి చరిత్రలోనే లేరు. అలా అంటే పరువు తక్కువ.

రాజు విజయకేతు జ్యోతిష్కులను పిలిపించాడు. "దీనికంతటికీ మూలం నల్లకొండ మీద ఉన్న గండోదరుడనే రాక్షసుడి శాపం" అన్నారు వాళ్ళు. శాపం తీయించినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. కత్తులు దూసుకుని వీరులు బయలుదేరారు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే, ఒక్కడూ తిరిగి రాలేదు.

కోటకు దగ్గర్లోని ఒక వీధిలో చెంగల్వ అనే అమ్మాయి ఉండేది. ఆమె తండ్రి జగ్గన్న కోట బురుజు మీద నగారా మోగించేవాడు. ఒకనాడు మెట్ల మీద నుంచి పడి నడుము విరిగి మంచాన పడ్డాడు. అప్పటినుంచి తల్లి గురవమ్మే అతనికి అన్నీ చేస్తోంది. ఒక ఉదయం చెంగల్వ నీళ్ళు తెచ్చేసరికి తల్లి మంచం పక్కన కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. చీర కుచ్చెళ్ళు పక్కకు జరిపి చూస్తే మోకాళ్ళ దాకా నల్లరాయి.

"ఎప్పట్నుంచే అమ్మా ఇది?"

"మొన్నట్నుంచి. పర్లేదులే, చేతులు ఆడుతున్నాయిగా. నేను బాగే."

చెంగల్వకు ఏడుపొచ్చింది. ఆ రాయి గుండె దాకా వస్తే అమ్మ ఉండదు. అమ్మ లేకపోతే నాన్న ఉండడు. ఆమె బిందె, గిన్నెలు, కుంపటి అన్నీ తల్లి చేతికందేలా సర్ది, తండ్రికి దుప్పటి మార్చి, నల్లకొండ దారి పట్టింది. వెనక నుంచి పక్కింటి సూరాలు గొంతు వినిపించింది, "గురవమ్మొదినా, బాగేనా?" అని. "బాగే సూరాలూ" అంది తల్లి.

అడవి మొదట్లో ఒక మద్దిచెట్టు కింద ముని తపస్సు చేసుకుంటున్నాడు. గడ్డంలో చీమలు బారులు తీరి తిరుగుతున్నా పట్టించుకోని రకం. చెంగల్వ దణ్ణం పెట్టగానే కళ్ళు తెరిచాడు.

"ఎక్కడికి తల్లీ ఒక్కదానివే? బాగేనా?"

చెంగల్వ పెంపకం అలాంటిది మరి. "బాగేనండి స్వామీ" అంది.

"అయితే నాతో పనేముంది, వెళ్ళిరా" అని ముని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నాలుగడుగులు వేసిందో లేదో చెంగల్వ కుడికాలి వేళ్ళు బిగుసుకుపోయాయి. ముల్లు దిగిందేమోనని చూసుకుంటే వేళ్ళు నల్లగా రాయైపోయి ఉన్నాయి. అయినా కుంటుకుంటూ ముందుకే నడిచింది.

మధ్యాహ్నానికి ఒక ఏరు అడ్డం వచ్చింది. గట్టున నాటుపడవంత తాబేలు ఒకటి ఎండ కాగుతోంది. దాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెంగల్వ తనే ఏట్లోకి దిగింది. కాలు బరువు, అడుగున బురద. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

"ఏం పిల్లా, బాగేనా?" అంది తాబేలు, మెడ చాచి.

"బాగే తాతా" అంది చెంగల్వ. ఆ మాటతో రాయి చీలమండ దాటింది. కాలు బురదలో దిగబడి, నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"నిజంగానేనా?"

నోట్లోకి నీళ్ళు పోయాక గాని చెంగల్వకు నిజం రాలేదు. "లేదు తాతా, బాగోలేదు. కాలు రాయైపోయింది. నా వల్ల కావట్లేదు, నన్ను ఎక్కించుకో" అంది ఉక్కిరిబిక్కిరవుతూ.

తాబేలు మెల్లగా ఆమె కిందికి దూరి పైకి లేపింది. ఏటి మధ్యకు వచ్చేసరికి చెంగల్వ కాలు జివ్వుమంది. వేళ్ళు కదిలాయి. రాయి లేదు.

"ఆ ముక్క ముందే అనొచ్చు కదా" అంది తాబేలు.

"మా ఊళ్ళో అలా అనరు తాతా."

"మునిగిపోతూ కూడానా?"

"అనరు."

"ఇన్నేళ్ళు బతికాను గాని ఇలాంటి ఊరు గురించి వినలేదు" అంది తాబేలు. చెంగల్వకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అమ్మ రోజూ గుమ్మంలోకి చూసి "బాగే" అంటుంది. అన్నప్పుడల్లా కొంచెం కొంచెం రాయైపోతోంది. వెంటనే వెనక్కి పరుగెత్తాలనిపించింది. తాబేలు ఆపింది. "ఈ పూటకి నీ కాలు నీకొచ్చింది. శాపం ఉన్నన్నాళ్ళూ మళ్ళీ పట్టుకుంటుంది. ముందు ఆ రాక్షసుడి దగ్గరికెళ్ళు" అంది.

నల్లకొండ గుహ ముందు వాకిలి నిండా రాతి వీరులే. కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే, మీసం మెలేసినవాడు మెలేసినట్టే ఉన్నారు. చెంగల్వ వాళ్ళ మధ్య నుంచి భయంభయంగా నడుస్తుంటే గుహలోంచి గండోదరుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, చంకలో ఉతకాల్సిన దుప్పట్లతో నిండిన గంగాళం, నిద్రలేక చింతనిప్పుల్లా ఎర్రబడ్డ కళ్ళు.

"నిన్ను తినాలి గాని వండుకునే ఓపిక లేదు" అన్నాడు విసుగ్గా. "దారిలో అలిసిపోయావా, బాగేనా? ఊఁ, చెప్పెయ్. ఇక్కడున్నవాళ్ళంతా ఒకే మాట చెప్పారు."

"బాగోలేదు" అంది చెంగల్వ. "కాళ్ళు పీకుతున్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మా అమ్మ రాయైపోతోంది. మా నాన్నకు ఇవాళ గంజి ఎవరు పోశారో తెలీదు. నాకు భయంగా ఉంది." అని అక్కడే చతికిలబడి బావురుమంది.

గండోదరుడి చంకలోంచి గంగాళం జారిపోయింది. "నువ్వు కుందవరం పిల్లవేనా?" అన్నాడు నమ్మలేక. ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. "మా అమ్మకు జబ్బు చేసినప్పుడు మీ ఊరొచ్చాను. ఒక్కళ్ళు రండి, నాకు చేతకావట్లేదు అని గడప గడపకీ తిరిగి అడిగాను. తలుపులేసుకున్నారు. ఒళ్ళు మండి శాపం పెట్టాను. కష్టం వస్తే మీరూ ఎవరితో చెప్పుకోలేక, బాగే బాగే అంటూ రాళ్ళైపోండి అన్నాను. అప్పట్నుంచి అమ్మను నేనొక్కణ్ణే చూసుకుంటున్నాను."

ఆ తలుపుల్లో తమ ఇంటి తలుపూ ఒకటై ఉంటుందనుకుంది చెంగల్వ. కళ్ళు తుడుచుకుని, "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళైంది?" అని అడిగింది. రాక్షసుడు చాలాసేపు ఆలోచించాడు గాని గుర్తు రాలేదు.

"పడుకో. పొద్దు వాలేదాకా మీ అమ్మను నేను చూసుకుంటా."

"నీకేం తెలుసు? గంజి పల్చగా ఉండాలి. ఎడమవైపుకు తిప్పితే ఊరుకోదు. పాట పాడితే గాని మింగదు, అది కూడా..." ఏ పాటో చెప్పకుండానే వాడు గుమ్మంలో అడ్డంగా నిద్రపోయాడు.

లోపల గండోదరుడి తల్లి గుమ్మడవ్వ గడ్డివాములా పడుకుని ఉంది. కోరలు ఊడిపోయినా పెత్తనం ఊడని ముసలిది. చెంగల్వ తెడ్డంత గరిటెతో గంజి కలిపింది. నిచ్చెనెక్కి నోట్లో పోసింది. నాన్న నగారా మీద వాయించే దరువుకు నోటికొచ్చిన మాటలు చేర్చి పాడింది. "మావాడు ఉప్పు ఇంకాస్త వేస్తాడు" అని గుమ్మడవ్వ వంక పెట్టింది. చెంగల్వ ఉప్పు వేసింది. జుట్టు చిక్కు తీయడానికి దువ్వెన దొరక్క పెరట్లో ఉన్న, పొలం పనికి వాడే పళ్ళ దంతెతో దువ్వింది. బయట గుర్రు వినిపించి ముసలిది చెయ్యెత్తింది.

"ఆగు. అది మా గండడి గురకే కదూ? ఎన్నాళ్ళైందే పిల్లా, వాడు గురక పెట్టగా విని" అంది. ఆ పెద్ద కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెంగల్వకు తన తల్లి గుర్తొచ్చింది.

పొద్దు వాలుతుండగా గండోదరుడు లేచాడు. కళ్ళు తేటపడ్డాయి. అమ్మ కడుపు నిండి కునుకు తీయడం చూశాడు. తర్వాత వాకిట్లోకి వచ్చి, గుప్పెడు మట్టి తీసి గాలిలోకి ఊది, శాపం వెనక్కి తీసుకున్నాడు. వీరులంతా కదిలారు. మీసం మెలేస్తున్నవాడు మెలేయడం పూర్తి చేశాడు.

"ఇక కొత్తగా ఎవరూ రాయైపోరు" అన్నాడు రాక్షసుడు. "నా వాకిట్లో బిగుసుకున్న వీళ్ళను నేను విడిపించగలిగాను. కానీ మీ ఊళ్ళో ఇప్పటికే రాయైనవాళ్ళకు మందు నా దగ్గర లేదు. అది మీ వీధిలోనే ఉంది. వాళ్ళు నోరు తెరిచి అడగాలి, ఇంకొకరు గడప దాటి రావాలి. రెండూ జరిగితేనే."

వెళ్ళేముందు చెంగల్వ వీరుల వైపు తిరిగి, "ఇక్కడ దుప్పట్లు ఉతకాలి" అంది. రాక్షసుడితో యుద్ధం తప్పిందన్న సంతోషంలో వాళ్ళు కిమ్మనకుండా గంగాళం ఎత్తుకున్నారు.

మర్నాడు ఇల్లు చేరి చూస్తే, శాపం తీరకముందే గురవమ్మకు మెడ దాకా రాయి వచ్చేసింది. కళ్ళూ పెదవులూ మాత్రమే కదులుతున్నాయి. చెంగల్వ గుమ్మానికున్న వేపమండ పీకేసి, నడివీధిలో నిలబడి కేకేసింది. "మా ఇంట్లో ఏమీ బాగోలేదు. అమ్మను చూడ్డానికి ఎవరైనా లోపలికి రండి."

కిటికీల్లో తలలు కనిపించాయి. పక్కింటి సూరాలు గడప దాకా కాలు తెచ్చి వెనక్కి తీసుకుంది. "పిల్లవు నువ్వంటే ఏం లాభమే. మీ అమ్మ బాగే అంటోందిగా" అంది.

"అమ్మా, నువ్వే అడుగు."

"వాళ్ళకి వాళ్ళ పనులుండవా?" అంది గురవమ్మ, గాలిలా వినిపించే గొంతుతో.

అప్పుడు మంచం మీది జగ్గన్న మాట్లాడాడు. "గురవా, నా బరువు నీకెక్కువైందని నాకు తెలీదనుకున్నావా? రోజూ నిన్ను చూస్తూనే ఉన్నా. నాకోసం కాదు, నీకోసం అడగవే."

గురవమ్మ భర్త వంక చూసింది, కూతురి వంక చూసింది. ఎంత కష్టపడిందో ఆ మాట అనడానికి. రాయి మోయడం కంటే అదే ఎక్కువ కష్టమైనట్టుంది. "సూరాలూ, నా వల్ల కావట్లేదే. లోపలికి రా" అంది.

సూరాలు ఒక్క ఉదుటున గడప దాటింది. చేతిలో ఉన్న నూనె గిన్నె పక్కన పడేసి గురవమ్మను చుట్టేసుకుని భోరుమంది. "ఈ మాట కోసం ఎన్నాళ్ళు చూశానొదినా. వీధిలో నిలబడి వెళ్ళిపోతుంటే రోజూ నా ప్రాణం ఇక్కడే ఉండేది." ఆమె చేతులు తగిలినచోటల్లా రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఆమె వెనకాలే సాము నేర్పే రాయుడు వచ్చి, జగ్గన్నను పసిబిడ్డలా ఎత్తి అరుగు మీద ఎండలో కూర్చోబెట్టాడు. ఇంకో ఇల్లాలు కూర తెచ్చింది. అసలు ఎవరికి ఏం చేతనవునో ఆ వీధికే అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రానికే ఊళ్ళో వేపమండలన్నీ పొయ్యిలోకి పోయాయి. కోటలో రాణీగారు దాసీల ముందు ఏడ్చేసి, సాయానికి లోపలికి రమ్మని అడిగి, నడుము విడిపించుకుని లేచి నిలబడింది. ఊరి పెద్దలు కూర్చుని, పొలాలకు కాలవ నీళ్ళు వంతులు వేసుకున్నట్టే, మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళకూ వంతులు వేశారు. ఆ వంతుల్లో నల్లకొండ ఇల్లు కూడా ఉంది. గుమ్మడవ్వకు మనుషుల చేతి వంట నచ్చదు గాని, వెళ్ళినవాళ్ళను తిట్టడం మాత్రం చాలా ఇష్టం.

కొన్నాళ్ళకు అర్ధరాజ్యం పత్రం పట్టుకుని రాజు విజయకేతు పల్లకీలో చెంగల్వ ఇంటికి వచ్చాడు. చెంగల్వ గుమ్మంలో ఎదురొచ్చి పెదవుల మీద వేలు పెట్టింది.

"అమ్మ పడుకుంది మహారాజా. పగలు పడుకోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. లేపకండి."

"అలాగేనమ్మా. మరి నేనేం చెయ్యను?" అన్నాడు రాజు గుసగుసగా.

"ఇవాళ మా ఇంటి వంతు రాయుడు బాబాయిది. ఆయనకు జ్వరం." అని చెంగల్వ ఈతాకు విసనకర్ర రాజు చేతిలో పెట్టింది. "నాన్నకు ఈగలు ముసురుతున్నాయి."

రాజు కిరీటం తీసి అరుగు మీద పెట్టి, జగ్గన్న పక్కన కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. గురవమ్మ నిద్ర లేచేదాకా ఆయనే విసిరాడు.