సున్నమనుకొని దాచుకున్నది

కోమలా, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఊడి ఈ పళ్లెంలోనే పడాలి. బుద్ధెరిగాక రెండే అబద్ధాలాడాను, రెండూ మా చర్చి ఫాదరుతోనే.

మొన్న సమాధుల పండుగకు, నా బిడ్డ మెర్లిన్‌కు ఇష్టమని సముద్రపు చేప తెప్పించాను. చంద్రపూర్ బజారుకు మంచు పెట్టెల్లో వస్తుంది కదా. ఎంత చేపనుకున్నావు! తల మా వంటింట్లో ఉంటే తోక పద్మాపూర్ బొగ్గు గనిలో ఉంది.

బతికున్నప్పుడు మెర్లిన్‌ది సముద్రం ఒడ్డున ల్యాబులో ఉద్యోగం. చేపల కండ వేరు, ముల్లు వేరు చేసి, కాల్చి బూడిద చేసి, అందులో అణు విషం ఎంతుందో మిషన్లో పెట్టి చూసేది.

"నీళ్లల్ల జరంతే ఉంటదమ్మా. నాచును పురుగు తింటది, పురుగును చిన్న చేప, దాన్ని పెద్ద చేప... గట్ల ఒంట్ల పేరుకుంటది. ఒక రకం కండలకు పోతది, మెల్లగ దిగిపోతది. ఇంకోటి ఎముకల కూసుంటది. సున్నమనుకొని ఒళ్లే దాన్ని దాచుకుంటది. ఇగ జల్ది పోదు" అనేది.

"మా అత్త లెక్క" అని నేను నవ్వేదాన్ని.

నిరుడు వానల్లో జ్వరమొచ్చి పోయింది నా బిడ్డ. దాని కూతురు షెరిన్ అప్పటి నుంచి నా పక్కలోనే పడుకుంటోంది.

పండుగనాడు పోయినవాళ్లకు ఇష్టమైన కూర సమాధి మీద పెట్టి, మాట్లాడకుండా వెనక్కి రావాలి. మా ఇంటి ఆనవాయితీ అది. పెట్టలేకపోయాను. కూర మీద బొగ్గు ధూళి పడుతోంది. గిన్నె మళ్లీ చంకనెత్తుకుని, "ఈడ వద్దు బిడ్డా, ఇంటికొచ్చి తిను" అనేశాను.

వచ్చింది.

పొద్దుగూకుతోంది. కరెంటు లేదు. షెరిన్ నా ఒళ్లో నిద్రపోయింది. ముందు వాసన... తడి మంచు, కాలిన ఎముక. తర్వాత వంటింట్లో పళ్లెం కదిలింది. కండ ఒక పక్కకు... ముల్లు ఒక పక్కకు... ముద్ద నమిలిన చప్పుడు మాత్రం లేదు.

"తినవే తల్లీ" అన్నాను.

నా పక్కన కూచుంది. నా చెయ్యి పట్టుకుని ఒక్కో వేలి ఎముకా తడిమింది. మంచు...

"అమ్మా... ఇందుల ఉంది."

"ఏందే?"

"నేను."

"ఉండనీ."

"పోనీయమ్మా... పిల్లకు ఎక్కుతది."

"పోనియ్య" అని గట్టిగా పట్టుకున్నాను. కరెంటు వచ్చింది. చూస్తే, నా చేతిలో నా చెయ్యే ఉంది. పళ్లెంలో ముళ్లు పొడి బూడిదై ఉన్నాయి. షెరిన్ కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

అప్పటి నుంచి అది నన్ను అమ్మమ్మా అనడం లేదు. "అమ్మా" అంటోంది. అచ్చం మెర్లిన్ గొంతు... నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను కోమలా. అందుకే భయం. ఇంకా నా దగ్గరుంచుకుంటే పిల్ల మిగలదు.

నువ్వెలాగూ విసాపూర్ పోతున్నావు. షెరిన్‌ను వాళ్ల నాయన సుకుమార్ దగ్గర దింపు. నేను గుమ్మం దాకా రాను, వస్తే విడవను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టు, ఆకలంటే బిస్కెట్లు పెట్టు.

దాన్ని పేరు మాత్రం అడగకు.