ఎనిమిది కిలోల తేడా

మొదలుపెట్టిన నాటికి కాటా చేతిలో ఉన్నవి ఇవి: తండ్రి నుంచి వచ్చిన పాత ఇనుము కొట్టు, ఊరంతా నమ్మే త్రాసు, ముప్పై ఏళ్ళ వయసు, ఇంకా కాని పెళ్ళి, అక్కర్లేని బోటు. కొట్టు గుమ్మం మీద ఒక బోర్డు ఉంది. 'తూకంలో తేడా ఉంటే సరుకు ఉచితం' అని పెద్ద అక్షరాల్లోనూ, 'ఒకసారి ఇచ్చిన సరుకు వాపసు తీసుకోము' అని దాని కింద చిన్న అక్షరాల్లోనూ ఉంటుంది. ఆ బోర్డు పుణ్యమా అని జనం అతని అసలు పేరు మరిచిపోయి కాటా అనడం మొదలుపెట్టారు. అతనూ మరిచిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ కొట్టు నుంచి ఒక్క మేకు కూడా ఉచితంగా బయటికి పోలేదు.

బోటు అతను కోరి కొన్నది కాదు. సరస్సు పక్కన మూతపడ్డ షెడ్డులోని ఇనుమంతా వేలంలో ఒకే లాటుగా పాడుకుంటే, అడుగున అదీ తగులుకుంది. పదహారడుగుల పాత స్పీడుబోటు. అడుగుభాగం బల్లపరుపుగా ఉంటుంది. ఒళ్ళంతా ఫైబరు కాబట్టి కరగదు, తూకానికి రాదు. తూకానికి రాని వస్తువు ఇంట్లో ఉంటే కాటాకి నిద్ర పట్టదు. అయితే బోటు క్లబ్ ప్రెసిడెంటుకి ఇలాంటి పాతకాలపు చదును బోట్ల మీద మోజని ఎవరో చెప్పారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, పొద్దున్నే ఎర్ర రంగు డబ్బా కొన్నాడు.

డబ్బాతో, బోటుతో సరస్సు గట్టున ఉన్న మేస్త్రి షెడ్డుకి వెళ్ళాడు. మేస్త్రి పడవల పనిలో చేయి తిరిగినవాడే కానీ, చూపు మందగించాక పనంతా కూతురే చేస్తోంది. ఆమె రంగు డబ్బాను చూసింది, అతన్ని చూసింది. బోటు వెనక చెక్క మీద స్క్రూడ్రైవరు ఆనించి నొక్కింది. అది పిడిదాకా దిగబడింది.

"ఇంజను బిగించేది ఈ చెక్కకే. మీరు రంగేసి అమ్మితే ఇంజను ఒక దారి, కొన్నాయన ఒక దారి."

"లోపలిది కొనేవాడికి కనపడదు కదండీ."

"నాకు కనపడిందిగా."

ఇలాంటి బేరం కాటాకి అలవాటు లేదు. ఎదుటివాళ్ళు ధర తగ్గించమంటే ఏం చెప్పాలో తెలుసుగాని, పని పెంచమంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఇలాంటి బోటును నిలబెట్టాలని తనకు ఎప్పటినుంచో ఉందనీ, గంటకి తొంభై కిలోమీటర్లు పరిగెత్తించి చూపిస్తాననీ, ఒకే ఒక్క షరతనీ చెప్పిందామె.

"ఏ కొలత అడిగినా నిజం చెప్పాలి. అబద్ధం వస్తే స్పానరు కింద పెట్టేస్తాను."

కాటా నవ్వాడు. తూకం, కొలత విషయంలో తనకే పాఠమా అనుకున్నాడు.

పుచ్చిన చెక్క కోసి కొత్తది అతికించారు. బోటును బోర్లించి అడుగున ఉక్కు బద్ద ఆనించి చూస్తే, వెనక భాగంలో బద్ద కింద నుంచి వెలుతురు కనిపించింది. ఇన్నేళ్ళూ ఎవరో రెండు దిమ్మల మీద తప్పుగా కూర్చోబెట్టడంతో అక్కడ లోపలికి వంగిపోయిందట. చదును బోటుకి వెనక అయిదడుగులూ గీత గీసినట్టుంటేనే వేగం. వెంట్రుకంత వంపున్నా ముక్కు నీళ్ళలో పెట్టి మొండికేస్తుంది. వారం రోజులు ఇద్దరూ చెరో వైపు కూర్చుని అడుగును రుద్దారు. కాటా తన ఎర్ర రంగు సంగతి మధ్యలో రెండుసార్లు ఎత్తాడు. రెండుసార్లూ ఆమె గరుకు కాగితం అందించింది.

ఒక సాయంత్రం పూత ఆరకముందే వాన పట్టుకుంది. షెడ్డు రేకుకి సరిగ్గా బోటు మీదే చిల్లు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని గంటసేపు టార్పాలిన్ ఎత్తి నిలబడ్డారు. చేతులు లాగుతున్నాయి. మాట్లాడుకోవడానికి సరుకు లేదు. ఆమె కనురెప్ప మీద ఒక చినుకు పడి, దిగాలా వద్దా అని ఆలోచిస్తోంది. కాటా దాని బరువెంతుంటుందా అని అంచనా వేశాడు. జీవితంలో మొదటిసారి అంచనా అందలేదు.

ఆ మర్నాడే ఆమె సుద్దముక్క పట్టుకుని అడిగింది.

"మీ బరువెంత?"

పెళ్ళిచూపుల్లో జీతం పెంచి చెప్పడం, బరువు తగ్గించి చెప్పడం లోకం పద్ధతి. అడిగింది ఎందుకో తెలియకపోయినా, అడిగిన మనిషిని బట్టి కాటా పొట్ట లోపలికి పీల్చాడు.

"అరవై ఎనిమిది."

ఆమె తలుపు మీద 68 అని రాసింది. అసలు బరువు డెబ్బై ఎనిమిది.

ఎందుకో తర్వాత చెప్పింది. క్లబ్ పందెంలో బోటుకి ఇద్దరుండాలి. పరీక్ష రోజున కుడివైపు తను నడుపుతుంది, ఎడమవైపు అతను కూర్చోవాలి. అమ్మేవాడు తన సరుకులో తానే కూర్చోకపోతే ఎవరు నమ్ముతారు? చదును బోటు బరువు తేడాని ఓర్చుకోదు కాబట్టి అతని అరవై ఎనిమిదికి సరితూగేలా బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును కుడివైపుకి జరిపి బిగించింది.

కాటా తలుపు మీది 68ని ఇంకోసారి చూశాడు. అప్పుడే నిజం చెబితే పోయేది. కానీ ఇంకో సరస్సు దగ్గర పందెం బోట్ల కంపెనీవాళ్ళు ఆమెను పనికి రమ్మన్నారని అదే రోజు మేస్త్రి చెప్పాడు. ఈ బోటు బాగా పరిగెత్తితే క్లబ్ వాళ్ళు తమ బోట్ల పనంతా ఆమెకే ఇస్తామన్నారు. లేకపోతే ఒకటో తేదీకి ఆమె వెళ్ళిపోతుంది. ఇప్పుడు అబద్ధం బయటపడితే స్పానరు కింద పెట్టి ఇప్పుడే వెళ్ళిపోతుందని కాటా భయపడ్డాడు. అందుకని చాలా నిజాయితీగా ఆలోచించి, అబద్ధాన్ని దిద్దే బదులు ఒంటిని దిద్దుకోవాలని నిర్ణయించాడు. రాత్రి భోజనం మానేశాడు. తెల్లవారుజామున సరస్సు చుట్టూ పరిగెత్తాడు. మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గాడు. మిగిలిన ఎనిమిది కిలోలూ పాత బాకీదారుల్లా కదల్లేదు.

పరీక్ష రోజున ఈత రాని ప్రెసిడెంటు లైఫ్ జాకెట్ వేసుకుని గట్టు మీదే నిలబడ్డాడు. చుట్టూ క్లబ్ సభ్యులు. ఆమె బోటు వదిలింది. యాభై, అరవై. నీళ్ళ మీద తెల్ల గీత. డెబ్బై దగ్గర బోటు ఎడమవైపుకి ఒరిగి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆమె వేగం తగ్గించి గట్టుకి తెచ్చింది.

బయటి నుంచి అనుభవం ఉన్నవాళ్ళని పిలిపించాల్సిందని తను ముందే అనుకున్నానన్నాడు ప్రెసిడెంటు. సభ్యులంతా తామూ ముందే అనుకున్నామన్నారు. ఆమె టేపు తీసింది. బ్యాటరీ దూరం కొలిచింది. ట్యాంకు కొలిచింది. ఇంజను ఎత్తు కొలిచింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి కాగితం తీసి, తన లెక్కని తానే కొట్టేయబోయింది. నెల రోజుల్లో ఆమె ఒక్క లెక్కా కొట్టేయడం కాటా చూడలేదు.

"కొట్టేయకండి," అన్నాడు. "లెక్క సరైనదే. సరుకే తప్పు. నా బరువు డెబ్బై ఆరు."

సభ్యులు ఒకడుగు దగ్గరికి జరిగారు.

"ఎప్పటినుంచి?" అందామె.

"మొదట్లో డెబ్బై ఎనిమిది. మీ కోసం రెండు తగ్గాను."

ప్రెసిడెంటు లైఫ్ జాకెట్‌లో నుంచి నవ్వు పొంగింది. ఊరికంతటికీ తూకం వేసే కాటా తన తూకమే తప్పు చెప్పాడన్న మాట సాయంత్రానికల్లా బజారంతా తిరుగుతుందని కాటాకి తెలుసు. అయినా తన వ్యానులో ఎప్పుడూ ఉండే కొట్టు తూకపు రాళ్ళు తెచ్చాడు. అయిదు కిలోలది, రెండు కిలోలది, ఒక కిలోది. ఆమె సీటు కింద కుడివైపున పెట్టి గట్టిగా కట్టాడు. ఆమె అతని మొహం చూడకుండా ఇంజను స్టార్ట్ చేసింది.

ఈసారి డెబ్బై దాటింది, ఎనభై దాటింది. బోటు గాజు పలక మీద జారినట్టు పోయింది. తొంభై మూడు. గట్టు మీద ప్రెసిడెంటు తను ముందే అనుకున్నానన్నాడు. క్లబ్ పనంతా ఆమెకే ఇచ్చాడు. బోటు తనకే కావాలన్నాడు.

ఆమె మాత్రం స్పానరు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి గుమ్మం ముందు నిలబడి బోర్డు చదువుతోంది.

"ఇది నిజమేనా?"

"మా నాన్న రాయించిందండీ. నిజమే."

"నాకు చెప్పిన తూకంలో తేడా వచ్చింది."

"వచ్చింది."

"అయితే సరుకు ఉచితంగా ఇవ్వాలి."

కాటా తల వంచుకుని, బోటు తీసుకెళ్ళమన్నాడు. ప్రెసిడెంటుకి తానే సర్దిచెప్పుకుంటానన్నాడు.

"నేను తూకం అడిగింది బోటుదా?"

కాటాకి మెల్లిగా అర్థమైంది. వ్యాపారి కాబట్టి, అంత సంతోషంలోనూ బేరం గట్టిచేసుకోకుండా ఉండలేకపోయాడు.

"కింద చిన్న అక్షరాలు కూడా చదివారా? వాపసు తీసుకోము."

"అవి చదివాకే వచ్చాను. ఇకమీదట అబద్ధం చెబితే నీకు వాపసు ఉండదు, నాకు స్పానరు ఉంటుంది."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించనట్టు నటించారు. సాయంత్రం మేస్త్రి కాబోయే అల్లుడి భుజం, పొట్ట తడిమి చూసి, రెండు కిలోలు తగ్గిన చోటు చూపించమని అడిగాడు. చూపించలేకపోయినా పెళ్ళికి ఒప్పుకున్నాడు.

ఆఖరికి లెక్క ఇలా తేలింది. బోటు అమ్మలేదు. తామిద్దరూ కూర్చుంటే తప్ప అది తిన్నగా పోదని చెప్పి ప్రెసిడెంటుని పంపేశారు. తగ్గిన రెండు కిలోలూ పెళ్ళయిన నెలకే వడ్డీతో తిరిగొచ్చాయి. అందుకు సరిగ్గా సరిపడే రాయి ఆమె తన సీటు కింద చేర్చింది. కొట్టు పెట్టాక మొదటిసారి సరుకు ఉచితంగా బయటికి పోయింది. పోయింది తానే కాబట్టి, ఆ రోజు కాటా పుస్తకంలో నష్టం కింద రాయడానికి ఏమీ మిగల్లేదు.