రెండు గుప్పిళ్ళ అడ్డసరం

బుడమేరు పొంగి కొల్లేటి లంకల్లోకి నీళ్ళు వచ్చిన ఏడాది అది. నీళ్ళు తీసి నెలయినా షారోన్ వాళ్ళ వీధిలో సగం ఇళ్ళకు తాళాలే. ఆడుకుందామంటే ఒక్క పిల్ల లేదు. అమ్మానాన్నలు ఏనాడో పోయారు. ఉన్నది యోబు తాతయ్య ఒక్కడే. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఆదివారం మధ్యాహ్నం షారోన్ ప్రార్థన నుంచి వచ్చేసరికి తాతయ్య మంచం మీద ముందుకు వంగి కూర్చున్నాడు. గుండెల్లో పిల్లికూతలు.

"ఆయాసమా తాతయ్యా? పిన్నికి ఫోన్ చెయ్యనా?"

వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

షారోన్‌కీ అదే కావాలి. తాడేపల్లిగూడెం పిన్ని పోయినసారే తేల్చి చెప్పింది. "ఇంకోసారి ఇలా అయితే నాన్నని నా దగ్గరికి తీసుకెళ్ళిపోతా. మాది ఒక్క గది. నిన్ను హాస్టల్లో వెయ్యాల్సిందే."

వీధి చివర నర్సు మెర్సీగారున్నారు. ఆవిడకు చెబితే పిన్నికి తెలిసిపోతుంది.

పెరట్లో అడ్డసరం చెట్టు వరదకు తట్టుకుని నిలిచింది. దగ్గుకు తాతయ్య ఎప్పుడూ మూడాకులే మరిగించుకునేవాడు. మూడింటికే దగ్గు తగ్గితే, ఎక్కువ వేస్తే ఆయాసమూ పోదా? షారోన్ రెండు గుప్పిళ్ళు వేసి నల్లగా దిగేదాకా మరిగించింది.

తాతయ్య మొహం చిట్లించాడు. "ఎన్ని వేశావే?"

"మూడే."

నమ్మి గ్లాసు ఖాళీ చేశాడు.

కాసేపటికి వాంతి. ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారాయి. షారోన్ పరుగెత్తింది.

మెర్సీగారు నెబులైజర్ మిషన్ తెచ్చి మాస్క్ పెట్టారు. 108 వాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రానికి తేలికపడ్డాకే ఇంటికి పంపారు.

గ్లాసు అడుగున నల్లటి మడ్డి చూసి, "ఏం తాగించావమ్మా?" అన్నారు మెర్సీగారు.

"అడ్డసరం అండీ. రెండు... రెండు గుప్పిళ్ళు."

తాతయ్య తలెత్తాడు. "గేదెకి కూడా అంత వెయ్యరే!"

మెర్సీగారు నవ్వలేదు. "అడ్డసరం కఫాన్ని పలచన చేస్తుంది. దాన్ని చూసి దగ్గు మందులు కూడా తయారుచేశారు. కానీ ఊపిరి గొట్టాలు బిగుసుకుంటే అది అప్పటికప్పుడు తెరవలేదు. ఎక్కువైతే వాంతులే. తెరిచింది మిషన్లో వేసిన మందు."

"అది కంపెనీ మందు కదండీ?"

"దాని పుట్టిల్లూ చెట్టే. ఉమ్మెత్త జాతి. ఉమ్మెత్త ఆకు నేరుగా తింటే విషం. పనికొచ్చేదాన్ని పట్టుకుని, మార్చి, కొలిచి ఇస్తారు. కొలతంతా డాక్టరుగారు చూసుకుంటారు. నువ్వు నాకు చెప్పాల్సింది, అంతే." లేస్తూ అడిగారు. "మీ పిన్నికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

షారోన్ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. ఆ రాత్రి తాతయ్య ఊపిరి వింటూ పడుకుంది.

తెల్లారింది. తాతయ్య ఇంకా లేవలేదు. షారోన్ ఫోన్ తీసుకుని అరుగు మీదికి వచ్చింది.

"పిన్నీ, నేను షారోన్‌ని. నిన్న తాతయ్యకి బాగా ఆయాసం వచ్చింది. నీకు తెలియకూడదని ఎవరికీ చెప్పలేదు."

షారోన్ ఆగలేదు.

"రెండు గుప్పిళ్ళ అడ్డసరం మరిగించి, మూడాకులే అని తాతయ్యకి అబద్ధం చెప్పాను. నువ్వు రా పిన్నీ."