నడుముకు తెలిసిన మలుపు

...అయినా తప్పు కారుది కాకపోవచ్చు, నేలది కావచ్చు. నేల ఒప్పుకోకపోతే ఏ బండీ జారదు. కమలాకర్ హాల్లో కింద కూర్చుని, మూరెడు పొడవున్న రిమోట్ కారును మోకాళ్ల మధ్య పెట్టుకుని ఇదే ఆలోచిస్తున్నాడు. సినిమాల్లో హీరోల బదులు స్టీరింగ్ పట్టినన్నాళ్లూ అతను నమ్మిన మొదటి సంగతి అది. కారు వెనక భాగం అడ్డంగా కొట్టుకుపోవాలంటే ముందు ట్యాంకరు వచ్చి రోడ్డు తడిపేది. తర్వాతే అతని వంతు. తెర మీద జనం చూసింది హీరో మొహం. జారింది మాత్రం కమలాకర్ నడుము కింద. ఆ సంగతి ఇప్పుడు ఎవరితో అనాలి?

కూతురు తెచ్చిచ్చిన ఈ కారుతో వచ్చినవి ప్లాస్టిక్ టైర్లు. గోరుతో గీకితే గీత పడనంత గట్టివి. చూడగానే వాటిని పీకేసి, కోఠి దాకా వెళ్లి రబ్బరువి తెచ్చి బిగించాడు. అప్పటినుంచి కారు బుద్ధిగా మలుపు తిరుగుతోంది తప్ప జారడం లేదు.

భార్య మనోజ టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూములు కుట్టే చోటికి ఆమె రోజూ పెందలాడే వెళ్లాలి.

"అన్నం మీద మూత పెట్టిన. బొమ్మతోటి ఆడుకుంట తినుడు మరిచిపోకు."

"బొమ్మ కాదది."

"మరేంది, దానికి లైసెన్సు గిట్ల కావాల్నా?"

ఆమె నవ్వుకుంటూ మెట్లు దిగింది. కింద కృష్ణానగర్ సందులో ఆటోల హారన్లు మొదలయ్యాయి. ఆ చప్పుడంతా ఎక్కడికో వెళ్లేవాళ్లది. అతను లేచి, బకెట్లో సర్ఫు కలిపి, హాలంతా పలచగా తడిపాడు. కారు అడుగున తడి తగలకుండా టేపు చుట్టాడు. చాలా రోజుల తర్వాత చేతులకు పని దొరికింది.

ఆఫీసుకు ఆలస్యమవుతోందని కూతురు స్ఫూర్తి గదిలోంచి పరుగున వచ్చింది. రెండో అడుగుకే కాలు జారి, మోచేయి నేలకు కొట్టుకుని, కూర్చున్నట్టుగా పడిపోయింది.

"చూసుకొని నడవాలె," అన్నాడు కమలాకర్. అతను అనాలనుకున్న మాట అది కాదు.

"ఇది ఇల్లనుకున్నవా, షూటింగ్ స్పాటనుకున్నవా?" ఆమె మోచేయి పట్టుకుంది. "నీళ్లెందుకు పోసినవ్ బాపూ?"

"జారాలంటే తడపాలె."

"దాని టైర్లు ప్లాస్టిక్‌వి. నున్నటి నేల మీద అవే జారుతయి. నువ్వు రబ్బరువి ఏసి, మల్ల ఇల్లంత సబ్బు పోసినవా?"

ఆ మాటలో తప్పు లేదు. అందుకే అతనికి కోపం వచ్చింది.

"ఎవరు తెమ్మన్నరు దీన్ని? మీ జూబ్లీహిల్స్ ఆఫీసుల కూసోని కంప్యూటర్ల కార్లు జారగొడుతున్నరు. నా పని గుంజుకున్నరు. గుంజుకున్నంక, ఏడ్చే పోరడికిచ్చినట్టు చేతుల బొమ్మ పెట్టినవ్."

స్ఫూర్తి గోడ పట్టుకుని లేచింది. ఆమె గ్రాఫిక్స్ పనిలో చేరిన నాటి నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో కిరాయిదారుల్లా ఉంటున్నారు. నీళ్లు, కరెంటు బిల్లు, తాళంచెవి. అంతకు మించి మాటల్లేవు.

"నీ పని మేం తీస్కపోలే, బాపూ," అంది నెమ్మదిగా. "నీ నడుము పోయింది. అప్పటికి నేనింకా కాలేజీల్నే ఉన్న."

ఆ మాట ఇప్పటిదాకా ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. అతను కూడా తనతో అనుకోలేదు. కంప్యూటర్ల మీద కోపంగా ఉండటం తేలిక. అవి దూరంగా, ఎవరి ఆఫీసుల్లోనో ఉంటాయి. సొంత నడుము మీద అలిగి ఎక్కడికి పోతాడు? ఇన్నాళ్లూ కూతురికి ముఖం చాటేసింది, ఆమె ముఖంలో ఎక్కడ జాలి కనబడుతుందోననేనా?

"కంప్యూటర్ల నేను చేసిన కారు జారుతలేదు," అంది స్ఫూర్తి. "మంచిగనే ఉన్నదంటరు మా సార్. నాకైతే గాలిల తేలినట్టున్నది, బరువు లేదు. చిన్నప్పుడు ఒక్కసారి నీ పక్కన కూసున్న. మలుపుల నీ మీదికి ఒరిగిన. ఆ బరువు ఎట్లొస్తదో అడుగుదామంటే, నువ్వు గోడ దిక్కు తిరిగి కూసుంటవ్. దీంతోనన్న చూపిస్తవని తెచ్చిన."

కమలాకర్ మూల నుంచి గుడ్డ తెచ్చి, నేల తుడవడం మొదలుపెట్టాడు. స్ఫూర్తి పాత ప్లాస్టిక్ టైర్లు తిరిగి బిగించింది. ఈసారి కారు జారింది. జారి, గిర్రున చుట్టూ తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పినా అంతే.

"నాతోటి కాదు బిడ్డా. వెనక టైరు పట్టు వదిలేది ముందు నడుముకు తెలుస్తది. కంటికి తెలిసేసరికి ఆలస్యమైతది. దీంట్ల నా సీటేది?"

ఆమె బ్యాగులోంచి అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బీ తీసింది. "గైరో. వెనక జారంగనే ముందు చక్రాలను అదే ఎదురు తిప్పుతది. కారుకు నడుము అసొంటిదనుకో."

అతను దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. ఎవరి సాయమూ వద్దనే పాత పొగరు ఒకసారి లేచి, తనంతట తనే కూర్చుంది. వైర్లు కలిపి, టేపుతో అంటించాడు. కారు కదలగానే ముందు చక్రాలు జ్వరమొచ్చినట్టు వణికాయి.

"ఎక్కువ దిద్దుతున్నది," అన్నాడు. దాని మీదున్న చిన్న మరను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాడు. వణుకు ఆగింది. కారు సోఫా చుట్టూ పక్కకు ఒరిగి, నిదానంగా, పొడుగ్గా జారుతూ పోయింది.

"చూడు, తిరగకముందు ముక్కు దించుతది. బరువంతా బయటి దిక్కు చక్రం మీదికి పోతది. నువ్వు ముందు ఆ బరువు పంపు, కారు ఎనకాలే పోతది. మొదలే చక్రాలు తిప్పితే అబద్ధమైతది."

"ఇంకోసారి, బాపూ."

అతను ఇంకోసారి చూపించాడు. చెబుతూనే ఉన్నాడు. తన గొంతు అంతసేపు ఆ హాల్లో వినబడటం అతనికే వింతగా ఉంది. ఆమె చెంపలు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఆఫీసుకు పోవా?"

"పోతా. ఫికర్ చేయకు. ఆ కారు ఇయ్యాల దించుతా కిందికి."

ఆమెతో పాటు లేవబోయాడు కమలాకర్. నడుము సగంలో పట్టేసింది. మామూలుగా ఇలాంటప్పుడు కారు చూస్తున్నట్టు, టైర్లు సర్దుతున్నట్టు కిందే ఉండిపోయేవాడు, ఇల్లు ఖాళీ అయ్యేదాకా. స్ఫూర్తి చెప్పులు వేసుకుంటూ తిరిగి చూసింది.

అతను రిమోట్ పక్కన పెట్టి, ఆమె వైపు చెయ్యి చాచాడు.