ఎనభై రెండు కిలోల బావమరిది

ఉదయం ఎనిమిదింటికి పైలట్ చనిపోయాడు. ఎనిమిదింబావుకల్లా అతని స్థానంలో ఇంకో పైలట్ డ్యూటీలో చేరిపోయాడు. ఆ పదిహేను నిమిషాల తొందరే చీఫ్‌కి నచ్చలేదు.

"బాత్‌రూమ్‌లో జారిపడ్డాడట," అన్నాడు చీఫ్, ఫైలు ముందుకు తోస్తూ. "ఇరవై రెండేళ్ళు ఆకాశంలో తిరిగినవాడు సబ్బు మీద కాలేసి పోయాడంటే నువ్వు నమ్ముతావా?"

"నమ్మను సార్."

ఆ మాటన్న మనిషిని డిపార్ట్‌మెంట్‌లో తాబేలు అంటారు. పదహారేళ్ళ సర్వీసులో అతను పరిగెత్తగా చూసినవాళ్ళు లేరు. అతని చేతికి చిక్కినవాడు తప్పించుకుపోగా చూసినవాళ్ళూ లేరు. వాళ్ళు కూర్చున్న గదికి కింద కుట్టుమిషన్లు రిపేరు చేసే దుకాణం ఉంది. ఆ మిషన్లు టకటకలాడుతున్నంతసేపే పైన రహస్యాలు మాట్లాడతారు.

"ఆ చచ్చిపోయినవాడు రేపు ఎవర్ని తీసుకెళ్ళాలో చూడు."

తాబేలు ఫైలు తెరిచాడు. మొదటి పేజీలోనే ఫోటో. అందులో ఉన్నది అతని బావ.

తీరం పొడుగునా ఉన్న రాడార్లకు కాపలా కాసే సీక్రెట్ కోడ్ రాసిన ఇంజనీరు ఆ బావే. కోడ్ కాగితం మీద లేదు, కంప్యూటర్‌లో లేదు, ఆయన బుర్రలో ఉంది. ఆ బుర్రను మనిషితో సహా ఎత్తుకుపోవాలని సముద్రానికి అవతలి ముఠా ఒకటి రెండేళ్ళుగా కాచుకుని కూర్చుంది.

"మీ అక్కా బావా రేపు హాలిడేకి బయల్దేరుతున్నారు. అయిదు రోజులు, నాలుగు దీవులు, చిన్న ప్రైవేట్ ప్లేన్. అయిదో రోజున, నాలుగో దీవిలో, పడవ మీద మీ బావని ఎత్తుకుపోతారని మన కోకిల రిపోర్ట్. కమాండోలందర్నీ అక్కడికే పంపించాను."

కోకిల డబుల్ ఏజెంట్. పైకి విమానాలు అద్దెకిచ్చే కంపెనీలో ట్రిప్పులు ప్లాన్ చేసే అమ్మాయి. ముఠా తన మనిషనుకుంటుంది, చీఫ్ తన మనిషనుకుంటాడు. కాకి గూట్లో గుడ్డు పెట్టే పక్షి పేరు ఆమెకు ఎవరు పెట్టారోగానీ, రెండింటిలో కాకిది ఏ గూడో మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

"ట్రిప్ ఆపేద్దాం సార్."

"ఆపితే వచ్చే నెల ఇంకో దారిలో వస్తారు. నాకు మనుషులు కావాలి, రుజువుతో సహా. నువ్వూ ఆ ప్లేన్ ఎక్కు. మీవాళ్ళకి మాత్రం ఒక్క ముక్క చెప్పకు."

చెప్పే ప్రశ్నే లేదు. బావకి మనసులో మాట దాచుకోవడం చేతకాదు, చెవులు ఎర్రబడి పట్టిచ్చేస్తాయి. అక్కకైతే తమ్ముడు వాతావరణ శాఖలో గుమాస్తా అనే తెలుసు.

"ఏ వేషంలో వెళ్ళను?"

"వేషమెందుకయ్యా? పనీపాటా లేని బావమరిదివి. పిలవకుండా వెళ్ళి తగలడు. లోకంలో ఇంతకంటే నమ్మదగిన వేషం లేదు."

*

సాయంత్రం నాలుగింటికి విమానాల ఆఫీసులో అక్క గోడ మీది మ్యాప్‌లో పిన్నులు గుచ్చుతోంది. పదకొండేళ్ళ కోరిక అది. పత్రికల్లో బొమ్మలు కత్తిరించి ఒక నోట్‌బుక్ నిండా అంటించుకుంది. మొదటిది లైట్‌హౌస్ దీవి, నలభై నిమిషాల ప్రయాణం. తర్వాత వేడినీటి ఊటల దీవి. ఆ తర్వాత తెల్ల ఇసుక దీవి. ఆఖరిది, ఒక్కటంటే ఒక్క హోటలున్న దీవి.

"వేడినీటి ఊటలు తీసేద్దామా? వేడినీళ్ళు మనింట్లోనూ ఉన్నాయిగా," అన్నాడు బావ.

"మనింట్లో కాచేది నేను. అక్కడ దేవుడు కాస్తాడు. ఉంచండి."

తాబేలు బిస్కెట్ నములుతూ లోపలికొచ్చాడు. "అక్కా, నేనూ వస్తున్నాను."

అక్క మొహం చాటంత అయింది. బావ మొహం చిన్నబోయింది. చెవులు మెల్లగా రంగు మారాయి.

"రారా తమ్ముడూ! ఆరు సీట్లున్నాయి. అమ్మ పోయినప్పట్నుంచీ నాతో ఎక్కడికైనా వచ్చావా నువ్వు?"

ఆ మాట సూదిలా దిగింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. పండక్కీ పబ్బానికీ డ్యూటీ అని తప్పించుకు తిరిగినవాడు, ఇవాళ వచ్చింది కూడా డ్యూటీ మీదే. తాబేలుకి సిగ్గేసింది.

బల్ల వెనక నుంచి కోకిల లేచింది. నీలం సిల్కు చొక్కా, చెవులకి ముత్యాలు. ఆమె నవ్వితే ప్లాన్‌లో లేని దీవులు కూడా చూసి రావాలనిపిస్తుంది.

"సముద్రం వైపు గది దొరుకుతుందా మేడమ్?" అనడిగాడు తాబేలు.

"దొరుకుతుంది. దోమలుంటాయి."

"దోమలు నాకు అలవాటే."

గుర్తుమాటలు సరిపోయాయి. అతనెవరో ఆమెకు తెలిసింది. ఆమె కళ్ళు మాత్రం అర క్షణం పక్కకి, కొత్త పైలట్ వైపు వెళ్ళొచ్చాయి. మడతలు కూడా పోని కొత్త యూనిఫామ్‌లో ఆ పైలట్ ఏదో స్లిప్ మీద సంతకం పెడుతున్నాడు. తలకిందులుగా ఉన్న రాత చదవడం తాబేలుకి నల్లేరు మీద నడక. ఆ స్లిప్ మీద 'ఫుల్ ట్యాంక్' అని ఉంది.

ఫుల్ ట్యాంకంటే ఏడు గంటల పెట్రోలు. ప్రయాణం నలభై నిమిషాలు. పైగా ప్రతి దీవిలోనూ పంపు ఉందని ఆ గోడ మీది మ్యాపే చెబుతోంది. అయినా కొందరు పైలట్లకి ట్యాంకు నిండితేగానీ నిద్ర పట్టదు. అలవాటును నేరమంటే ఎలా?

అప్పుడే మూలనున్న కాటా కనిపించింది. చిన్న విమానం ఇన్ని కిలోలే మోస్తుంది. అందుకే పెట్టెలతో పాటు మనుషుల్నీ తూస్తారు. బరువు పెరిగితే సామాను దించాలి, లేదా మనిషిని దించాలి, లేదా పెట్రోలు దించాలి. ఆ ఇరుకులో పెడితే ఎవరికి ఏది ముఖ్యమో వాళ్ళే బయటపెట్టుకుంటారు. తాబేలు ఇంకో బిస్కెట్ తీసుకుని నెమ్మదిగా నమిలాడు.

*

డిపార్ట్‌మెంట్‌లో పరికరాలు తయారుచేసే పెద్దాయన్ని కంసాలి అంటారు. ఆయన ఒక నల్ల పెట్టె తెచ్చి పెట్టాడు.

"బటన్ ఏది?" అన్నాడు తాబేలు.

"బటన్ లేదు. అడుగున సీసం పోశాను. ముప్ఫై కిలోలు."

"పేలదా?"

"కాలి మీద పడితే పేలుద్ది."

మైక్ చొక్కా గుండీలో పెట్టారు. "నాకు సముద్రం పడదు" అన్న మాట వినబడగానే, పెట్రోలు ట్యాంకర్‌లో దాక్కున్న నలుగురు బయటికొస్తారు. మిగిలినవాళ్ళంతా నాలుగో దీవిలో ఉన్నారు.

"ఒక్క షరతు," అన్నాడు చీఫ్. "మీవాళ్ళు ప్లేన్‌లో ఉండగా ఆ మాట అనకు. ఇంజన్ తిరుగుతుండగా బందీలు లోపలుంటే మన తుపాకులు బొమ్మ తుపాకులే."

*

మర్నాడు తొమ్మిదింటికి రన్‌వే పక్కన కాటా పెట్టారు. కోకిల కాగితం పట్టుకుని రాసుకుంటోంది. బావ డెబ్బై. అక్క ఒకసారి ఎక్కి, ముల్లు చూసి దిగి, చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కింది. ఇద్దరూ వెళ్ళి విమానంలో వెనక సీట్లలో కూర్చున్నారు. వాళ్ళు బెల్టులు పెట్టుకుంటుండగానే పైలట్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

తాబేలు పెట్టెతో సహా కాటా ఎక్కాడు.

"సారీ సార్, మించిపోతోంది. పెట్టె వదిలేయండి."

"వదిలేశాను."

"అయినా మించుతోంది. మీరే ఎనభై రెండు కిలోలున్నారు. మధ్యాహ్నం లాంచీలో వచ్చేయండి, మొదటి దీవిలో కలుసుకోవచ్చు."

"అంత దూరం ఎందుకు మేడమ్? కాస్త పెట్రోలు తీయించండి. నలభై నిమిషాలకి సగం ట్యాంకు చాలదూ? దిగినచోట పంపు కూడా ఉంది."

"పెట్రోలు తియ్యను!" కిటికీలోంచి పైలట్ అరిచాడు.

"పది నిమిషాల పనండీ."

"తియ్యనంటే తియ్యను! తలుపు వేయించండి మేడమ్!"

కోకిల పైలట్‌ని ఏమీ అనలేదు. ఆమె నిజంగా మన మనిషైతే, తాబేలుని ఆ విమానం ఎక్కించడానికి పెట్రోలేం ఖర్మ, పైలట్‌నే మార్పించేది. తాబేలుకి లెక్క తేలింది. అయిదో రోజు కాదు, నాలుగో దీవి కాదు. ఇవాళే, ఇప్పుడే. విమానం లైట్‌హౌస్ దీవి మీదుగా దాటిపోయి, సముద్రం అవతలే దిగుతుంది. మన కమాండోలు అక్కడెక్కడో గులకరాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

అతనికి అర్థమైందని ఆమెకీ అర్థమైంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సెంటు సీసా తీసింది. అందులో ఉండేది సెంటు కాదని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

"మీ అక్కయ్య తలుపు పక్కనే ఉన్నారు సార్," అంది, నవ్వు చెదరకుండా. "చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోండి. వాళ్ళ ప్రాణాలకేం కాదు. మీరు అరిస్తే నేను మాట ఇవ్వలేను."

ఇంజన్ హోరు పెరిగింది. తెరిచి ఉన్న తలుపులోంచి అక్క తొంగిచూసింది.

"ఒరేయ్, ఎక్కవేంరా?"

ఆ నిమిషంలో తాబేలుకి కోడూ గుర్తులేదు, దేశమూ గుర్తులేదు. అక్క పోతే తనకెవరూ లేరు, అంతే. తుపాకీ తీయడానికి లేదు, సిగ్నల్ ఇవ్వడానికి లేదు. చేతిలో మిగిలింది ఒక్కటే, అక్క సంగతి తనకి తెలియడం. ఆమె పుట్టింటి మీద ఈగ వాలనివ్వదు.

అతను మొహం వేలాడేసి గొంతు పెంచాడు. "నువ్వెళ్ళిరా అక్కా! నేను రాకపోతేనే బావకి హాయి. నిన్న పక్కకి పిలిచి, తేరగా తినడానికి తయారయ్యావా, శనిలా మా వెంట ఎందుకురా అన్నాడు!"

"నేనా?" బావ ఉలిక్కిపడ్డాడు. "నేనెప్పుడన్నాను?"

పాపం, అనలేదు. కానీ నిన్నట్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. చెవులు రెండూ మందార పువ్వులయ్యాయి. పందొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"తల్లి లేని పిల్లాణ్ణి పట్టుకుని అంత మాటంటారా?" అక్క బెల్టు ఊడదీసింది.

"కూర్చోండమ్మా, బయల్దేరుతున్నాం!" అన్నాడు పైలట్.

"నోర్మూసుకుని నీ పని నువ్వు చూసుకో!" అక్క కిందికి దూకింది. "నేను రాను. నాలుగు దీవులూ మీరొక్కరే ఊరేగండి!"

కోకిలను ఒక పక్కకి నెట్టేసి, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచింది. బావ సీట్లోనే ఉన్నాడు. చక్రాలు కదిలాయి. ఒక గజం, రెండు గజాలు. దిగు బావా, దిగు, అనుకున్నాడు తాబేలు.

"ఏమేవ్, ఆగు! నీ బ్యాగ్!" అంటూ బావ కదులుతున్న విమానంలోంచి దూకేశాడు. మోకాళ్ళ మీద పడ్డాడు, లేచాడు, బ్యాగ్ గుండెలకి హత్తుకుని అక్క వెనక పరుగు తీశాడు.

"నాకు సముద్రం పడదు!" తాబేలు గొంతు చించుకుని అరిచాడు.

కోకిల సీసా ఎత్తింది. అతను తలమీది టోపీ తీసి అడ్డం పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. సీసా సిమెంటు మీద పడి పగిలింది. ట్యాంకర్ ఇంకా వంద గజాల దూరంలో ఉంది. విమానం రన్‌వే వైపు తిరుగుతోంది. పదహారేళ్ళలో మొదటిసారి తాబేలు పరిగెత్తాడు. పెట్టెను రెండు చేతులా ఎత్తి రెక్క కింది చక్రానికి అడ్డంగా విసిరాడు. చక్రం సీసం పెట్టెను ఢీకొని ఆగిపోయింది. విమానం గిర్రున తిరిగి, రెక్కతో, దూసుకొచ్చిన ట్యాంకర్ బంపర్‌ని తాకి నిలబడింది. పైలట్ పిస్టల్ తీసేలోపే నాలుగు తుపాకులు కిటికీలో ఉన్నాయి.

ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ అక్క వెనక్కి తిరగలేదు. ఆ హోరులో ఆమెకి తన గొంతు తప్ప ఏదీ వినబడలేదు. బావకి ఆమె గొంతు తప్ప ఏదీ వినబడలేదు.

సంకెళ్ళు వేస్తుంటే కోకిల అడిగింది. "పెట్రోలేనా పట్టిచ్చింది?"

"అదే."

"మీ అక్కయ్య పిన్నులు గుచ్చుతుంటే, ఒక్క క్షణం నాకూ నిజంగా ఆ ట్రిప్‌కి వెళ్ళాలనిపించింది."

తాబేలుకీ అలాగే అనిపించింది.

*

పైలట్ లైసెన్స్ దొంగదని తేలి కంపెనీ ట్రిప్ రద్దు చేసిందని ఇంటికి కబురొచ్చింది. అక్క నోట్‌బుక్ అలమరలో పెట్టేసింది. బావతో మాట్లాడి మూడు రోజులైంది.

మూడో రోజు సాయంత్రం బావ తాబేలుని బాల్కనీలోకి లాక్కెళ్ళాడు. పాపం, నలిగిపోయి ఉన్నాడు.

"ఒట్టేసి చెప్పవయ్యా. ఆ మాట నేనెప్పుడన్నాను?"

నిజం చెప్పాలంటే పదహారేళ్ళ నిజం చెప్పాలి. తాబేలు బావ భుజం మీద చెయ్యేసి నిట్టూర్చాడు. "పోనీలే బావా. నేనేం మనసులో పెట్టుకోలేదు."

జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"మీ బావ క్షేమమేనా?"

వంటింట్లో గిన్నె ఒకటి గోడకి తగిలి దొర్లింది. బావ కళ్ళు మూసుకున్నాడు.

"ప్రాణానికి ఢోకా లేదు సార్," అన్నాడు తాబేలు, పక్కకి తిరిగి గొంతు తగ్గించి. "బావ బతుకు కోరేవాడు బావమరిది అన్నారు పెద్దలు. మనశ్శాంతి సంగతి వాళ్ళూ ఎత్తలేదు."