ఉప్పు తిన్న పుర్రె

నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్న మిట్టమధ్యాహ్నం... గాలి స్తంభించింది! కోట బురుజు మీద పట్టపగలే గుడ్లగూబ కూసింది. మబ్బు తునకైనా లేని ఆకాశంలో ఎక్కడో భీకరంగా ఉరిమింది!

"నన్ను కట్టేశారు... వదలండి!"

అంతఃపురంలో బేగం గొంతు చించుకుని అరిచింది. ఆ సుకుమారి నోట్లోంచి వస్తున్నది మగగొంతు! ఆమెను పాలిచ్చి పెంచిన దాది చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు తనకు బాగా తెలిసినట్టే ఉంది.

నవాబు కన్నుమూశాడు. చంటిబిడ్డ వారసుడు. వాడు పెద్దవాడయ్యేదాకా తల్లి పాలించవచ్చునట, అదీ ఆమెకు మతి నిలకడగా ఉంటేనేనట! పొద్దు వాలకముందే తెల్లదొర దర్బారులో ఆమెను స్వయంగా ప్రశ్నిస్తాడు. ఇలా ఒక్క కేక పెట్టిందా, సంస్థానం దొరతనం పాలు. ఎవడబ్బ సొమ్మని? సముద్రాలు దాటి వచ్చినవాడు ఇంటివాళ్ళ మతి తూకం వేస్తాడా! దాదికి కడుపు మండిపోయింది.

"కంగారు పడకు దాదమ్మా," అన్నాడు దివాను. "దయ్యాన్ని వదిలించడానికి మాంత్రికుణ్ణి పిలిపించాను. మందుగుండు కొట్లో ఉన్నాడు. మన వంటింట్లోనే అన్నం వండి పట్టుకెళ్ళు. ఉప్పు మాత్రం వెయ్యకు. ఒక్క రవ్వ తగిలినా పని చెడుతుంది."

దాది నమ్మింది. చప్పిడి అన్నం వండి, పళ్ళెం పట్టుకుని మెట్లు దిగింది.

కొట్లో గాఢాంధకారం... గబ్బిలాల రెక్కల చప్పుడు... కమురు కంపు! రక్తవర్ణపు ముగ్గు నడుమ ఒక కపాలం! దాని ముందు జటాజూటధారి, కరాళవదనుడు, మాంత్రికుడు!

"ఓ ఉరిప్రేతమా! ఈ కబళం భుజించు... దర్బారులో ఆ బేగం జిహ్వ మీద తాండవించు! దొరకు కోట, దివానుకు జాగీరు!"

దాదికి అర్థమైంది. వదిలించడం కాదు, పట్టించడం! అంతలో ఆమె చూపు కపాలం పళ్ళ మీద పడింది. పై వరసలో ముందుపన్ను సగానికి విరిగి ఉంది. ఫిరంగిలో మందు కూరుతుండగా ఇనప కడ్డీ ఎగిరి తగిలి విరిగిన పన్ను! పెళ్ళైన కొత్తలో ఆ పన్ను చూసి ఆమె ఎంత నవ్వేదో!

ఆమె మొగుడు ఈ కోట ఫిరంగివాడు. సొంత కోట మీదికే ఫిరంగి తిప్పమంటే తిప్పనన్నాడు. దొర ఉరి తీయించాడు. ఇప్పుడు ఈ దుర్మార్గులు సమాధి తవ్వి, చచ్చినవాడి చేతనే ఆ పని చేయిస్తున్నారు! ఆమె కళ్ళలో నీళ్ళు రాలేదు. నిప్పులు కురిశాయి.

"ఏమే, అక్కడ పెట్టి పో!"

"చల్లారిపోయింది సామీ. వేడి చేసి తెస్తాను," అంది నోరంతా తేనె చేసుకుని.

వంటింట్లోకి వచ్చి ఉప్పు జాడీలో చెయ్యి ముంచింది. దయ్యానికి ఉప్పెందుకు పెట్టరో అప్పుడు తెలిసిందామెకు. ఉప్పు తగిలితే ఎవరింటి తిండి తిన్నాడో గుర్తొస్తుంది! పిడికెడు వేసి కలిపింది.

మాంత్రికుడు ముద్ద చేసి కపాలం పళ్ళ మధ్య కుక్కాడు. నిశ్శబ్దం... నేల అదిరింది... కనుగుంటల్లో కెంపుకాంతి ప్రజ్వరిల్లింది!

"ఇది... మా నవాబుగారి వంటింటి ఉప్పు!"

"నోర్ముయ్! నేను నీ యజమానిని!"

"నీ ఉప్పు నేనెప్పుడు తిన్నానురా?"

ఏనాడో ఖాళీ అయిన కొట్లో గుప్పున మందు వాసన... ఫెళఫెళారావం... అగ్నిజ్వాల! మాంత్రికుడు అరిచిన అరుపు సగంలోనే బూడిదైపోయింది!

దాదిని మంట తాకనే లేదు; ఆమె కపాలాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "ఏమయ్యా... ఆ పిల్ల నా పాలు తాగిందయ్యా. వదిలెయ్."

"వదిలేశానే. కానీ ఈ ఉప్పు తిని ఇంటికే కన్నం వేసినవాడు పైన ఇంకొకడున్నాడు."

దర్బారులో దివాను చేతులు కట్టుకుని, "దొరగారూ, బేగం గారికి పిచ్చి..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. కళ్ళు తేలేశాడు. అతని నోట ఫిరంగివాడి గొంతు గర్జించింది! "పుర్రె తవ్వించింది నేను! చేతబడి చేయించింది నేను! కోట అమ్ముకున్నది నేను!" తలను రాతిస్తంభానికేసి బాదుకుంటూ కుప్పకూలాడు.

పరదా వెనక నుంచి బేగం గొంతు నిలకడగా వినిపించింది. "బిడ్డ నా బిడ్డ. గద్దె వాడిది. ఇంకేం అడగాలో అడగండి దొరగారూ."

దొర మొహం మాడిపోయింది. నిండుసభలో అందరూ విన్నాక చేసేదేముంది? పళ్ళు కొరుకుతూ, బేగం పాలనకు సరే అన్నాడు. అప్పటికి సరే. ఆ నీలికళ్ళు మాత్రం కోట గోడల్ని ఇంకా కొలుస్తూనే ఉన్నాయి. దాది అది చూసింది.

మర్యాదకు దొరకు భోజనం పెట్టారు. దాదే దగ్గరుండి వడ్డించింది. దొర ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు.

"ఉప్పు... చాలా ఎక్కువ!"

"ఎక్కువే దొరా," అంది దాది. "గుర్తుండాలని వేశాను."

కింద మందుగుండు కొట్లో ఏదో ఉరిమింది. దొర చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. మొదటి ముద్ద మాత్రం మింగేశాడు.