దయాగడువు

విశాఖ నుంచి లిమాకు సాయంత్రం ఆరు గంటల నభోశరం సిద్ధంగా ఉంది. పద్దెనిమిది వేల కిలోమీటర్ల దూరాన్ని అది నలభై నిమిషాల్లో దాటుతుంది. తాతల కాలపు విమానాలకు ఒకటిన్నర రోజు పట్టేదట. ఇప్పుడు జనం ఇక్కడ టీ తాగి, లిమాలో పొద్దుటి డ్యూటీకి చేరుకుంటున్నారు.

తలుపు మూసుకుంది. ఆ తర్వాత తొంభై సెకన్లలోపు ద్వారాధికారిణి తలచుకుంటే దాన్ని మళ్ళీ తెరవవచ్చు. దాన్ని దయాగడువు అంటారు. కోర్టుల చుట్టూ ఎనిమిదేళ్ళు తిరిగి దాన్ని సాధించిన సువర్చలే ఇవాళ ఆ కుర్చీలో ఉంది.

పదకొండేళ్ళ కిందట, లిమా రేవులో ఆమె భర్త శేషగిరి క్రేను కింద నలిగి ప్రాణాలతో పోరాడుతున్నాడని కబురొచ్చింది. ఆమె ఈ కేంద్రానికి పరుగున వచ్చింది. ఇరవై సెకన్లు ఆలస్యం. "తలుపు అందరికీ ఒకటేనమ్మా" అని తల కూడా ఎత్తకుండా అన్నాడు అప్పటి కేంద్రాధిపతి భుజంగరావు. ఆరు గంటల తర్వాత మరో నభోశరం దొరికింది. అప్పటికి శేషగిరి లేడు.

ఆమె గది అద్దం మీద ఎవరో దబదబా బాదారు. సువర్చల చూసింది. నెరిసిన జుట్టు, ఒక కాలికే చెప్పు. భుజంగరావు! గడువులో ఇంకా యాభై సెకన్లున్నాయి.

"అమ్మా, మా అమ్మాయికి లిమాలో మెదడులో నరం చిట్లిందట. ఒక్క మీట నొక్కండి, మీకు పుణ్యముంటుంది."

సువర్చల వేలు మీట మీదే ఉంది.

"నన్ను గుర్తుపట్టారా?"

ఆయన అద్దానికి మొహం ఆనించి చూశాడు. "లేదమ్మా."

"శేషగిరి భార్యని. తలుపు అందరికీ ఒకటేనన్నారు."

ఆయన మొహం వెనక్కి తీశాడు. "దయాగడువు వద్దని కోర్టులో లాయర్ల చేత వాదింపజేసింది నేనే. మనుషుల చేతికిస్తే ఇలాగే అవుతుందని భయపడ్డాను."

సువర్చల వేలు తీసేసింది. గడువు ముగిసింది. నేల అదిరింది. నభోశరం లేచిపోయింది. పదకొండేళ్ళుగా ఆమె గుండెలో రగులుతున్నది ఆ క్షణాన చల్లబడింది. ఆయన నేలమీద కూలబడితే కళ్ళారా చూసింది.

కూతురు నాలుగు గంటల్లో పోయింది.

భుజంగరావు ఫిర్యాదు చేయలేదు. "ఆలస్యంగా వచ్చింది నేనే" అన్నాడంతే. కానీ వాళ్ళ మాటలన్నీ తలుపు దగ్గరి యంత్రం భద్రపరిచింది. అవి విన్న విచారణ సంఘం, దయను మనుషులకు అప్పగించలేమని తేల్చి, నెల తిరగకుండా గడువును రద్దు చేసింది. సువర్చలను కుర్చీలోంచి తీసి, సామాన్ల లెక్క చూడమంది.

తర్వాత కొన్నాళ్ళకు ఒకామె తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. పది సెకన్లు ఆలస్యం. "లిమాలో మా ఆయనకి ప్రాణం మీదికొచ్చింది. తలుపు తీయించండి, అక్కా!" అంటూ సువర్చల చేయి పట్టుకుంది.

సువర్చల సామాన్లు వదిలేసి, రెండు పిడికిళ్ళతో అద్దాన్ని బాదింది. లోపల కుర్చీ ఖాళీగా ఉంది.